ముందు చెవి, తర్వాత కెమెరా

పన్నెండేళ్ల కిందట ఒక టీవీ బృందాన్ని వెంటబెట్టుకుని మర్రిగూడ మండలంలోని ఒక ఊరికి వెళ్లాను. అప్పట్లో దేవరకొండలో ఉంటూ పత్రికలకు వార్తలు రాసేవాణ్ణి. ఫ్లోరోసిస్ మీద స్టోరీ చేద్దామని హైదరాబాద్ నుంచి ఎవరు బయల్దేరినా ముందు నాకు ఫోన్ వచ్చేది. ఎవరి ఇంటికి తీసుకెళ్లాలో నాకు తెలుసు. ఎవరి కాళ్లు ఎక్కువ వంకరపోయాయో కూడా తెలుసు. రాయడానికి ఇప్పుడు చెయ్యి ఆడటం లేదు గానీ, వాళ్లు నన్ను అడిగేది సరిగ్గా అదే.

ఆ ఇంటాయన వాకిట్లో నులక మంచం మీద ఉన్నాడు. నలభై దాటి ఉంటాయి. కెమెరా సంచి కంటపడగానే, ఎవరూ ఏమీ అడక్కముందే, కొంచెం జరిగి, లుంగీని మోకాళ్ల పైకి లాక్కుని, కాళ్లను వెలుతురు పడేవైపు పెట్టాడు. ఇరవై నిమిషాల్లో షూటింగ్ అయిపోయింది. ఆయనతో మాట్లాడించింది రెండు నిమిషాలు. మేం బయల్దేరుతుంటే నన్ను పక్కకు పిలిచి, "ఇది టీవీల ఎప్పుడొస్తదన్నా?" అని అడిగాడు. కనుక్కుని చెప్తానన్నాను. కనుక్కోలేదు.

ఆయన లుంగీ లాక్కోవడం నన్ను చాలా ఏళ్లు వెంటాడింది. ఎంతమంది వచ్చి అడిగితే ఒక మనిషికి అది అలవాటవుతుంది? ఫ్లోరైడ్ గురించి చెప్పాల్సింది ఎంతో ఉంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే అది పళ్ల మీదా ఎముకల మీదా పడుతుంది. మా నేలకింది గ్రానైట్ రాయిలోనే ఫ్లోరైడ్ ఉంది. చెరువులు ఎండి బోర్లు లోతుకు పోయినకొద్దీ అది గిన్నెలోకి, గ్లాసులోకి వచ్చింది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు రూపొందించారు. ప్రపంచమంతా దాన్ని 'నల్గొండ టెక్నిక్' అంటుంది. జిల్లా పేరు దేశదేశాల పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఆ జిల్లా మనిషి మాత్రం తెర మీద ఒక జత కాళ్లుగా మిగిలిపోయాడు.

'కమ్యూనిటీ సెంటర్డ్ స్టోరీటెల్లింగ్' అనే మాట ఇప్పుడు ఎన్జీవోల ప్రాజెక్టు కాగితాల్లో, ఫెలోషిప్ దరఖాస్తుల్లో తరచుగా కనిపిస్తోంది. జనాన్ని మధ్యలో పెట్టి చెప్పే కథ అని దాని అర్థం. ఆ రోజు మేం తీసిన స్టోరీలో కూడా జనమే మధ్యలో ఉన్నారు. ఫ్రేముకు నడిమధ్యలో. మరి తేడా ఎక్కడుంది? ఈ చిక్కు విప్పుకోవడానికి నాకు ఎక్కువ సాయపడింది కెనడాకు చెందిన ఒక ఆదివాసీ మహిళ బతుకు. ఆమె పేరు అలానిస్ ఒబొంసావిన్. అబెనాకి జాతి మనిషి. 50కి పైగా డాక్యుమెంటరీలు తీసింది. తొంభై ఏళ్లు దాటినా ఆ పని మానలేదు.

1932 ఆగస్టు 31న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో పుట్టింది. ఆరు నెలల పిల్లగా ఉన్నప్పుడు కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో ఒడనాక్ అనే అబెనాకి ఊరికి తీసుకొచ్చారు. తల్లి వైపు బంధువు తియోఫిల్ పనాడిస్ ఆమెకు తమ జాతి పాటలు, కథలు నేర్పాడు. తొమ్మిదేళ్లప్పుడు కుటుంబం త్రువా-రివియేర్ పట్నానికి మారింది. అక్కడి బడిలో ఆదివాసీ పిల్ల ఆమె ఒక్కతే. చరిత్ర పుస్తకం ఆమె పూర్వీకుల్ని అడవి మనుషులని, క్రూరులని రాసింది. ఆ పాఠం చెప్పిన రోజుల్లో తోటి పిల్లలు కొట్టేవాళ్లు. ఆమెకు పన్నెండేళ్లప్పుడు తండ్రి క్షయతో పోయాడు. తర్వాతి రోజుల్లో ఆమె ఎన్నో ఇంటర్వ్యూల్లో ఒకే సంగతి చెప్పింది: పిల్లలకు మా కథ మేమే చెప్పగలిగితే ఈ దెబ్బలు తగ్గుతాయని తాను అప్పుడే అనుకున్నానని.

మొదట ఆమె గాయని. 1960లో న్యూయార్క్ టౌన్ హాల్‌లో పాడింది. ఒడనాక్ పక్కనున్న నది మురికైపోయింది, పొరుగూరి ఈతకొలనులోకి ఆదివాసీ పిల్లల్ని రానివ్వరు. దాంతో సొంత ఊళ్లోనే కొలను కట్టించడానికి ఊరూరా పాడి చందా పోగు చేసింది. ఆ పట్టుదల మీద 1966లో కెనడా టీవీ ఒక కార్యక్రమం చేసింది. అది చూసిన కెనడా ప్రభుత్వ సినిమా సంస్థ నేషనల్ ఫిల్మ్ బోర్డ్ నిర్మాతలు మరుసటి ఏడాది, 1967లో, ఆమెను సలహాదారుగా పిలిచారు. అంటే ఆమె సినిమా కోసం జనం దగ్గరికి వెళ్లినామె కాదు. జనం పని మీద తిరుగుతుంటే దారిలో సినిమా ఎదురైంది. ఆమె తర్వాత చేసిన ప్రతి పనిలోనూ ఈ వరస కనిపిస్తుంది.

మొదటి సినిమా 1971లో వచ్చింది. పదమూడు నిమిషాలు. కెనడా ఉత్తర ప్రాంతంలో మూస్ ఫ్యాక్టరీ అనే చోట ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చి ఉంచిన రెసిడెన్షియల్ స్కూలు ఉండేది. ఆ పిల్లలు క్రేయాన్లతో క్రిస్మస్ గురించి, ఇంటి గురించి బొమ్మలు గీశారు. సినిమా దాదాపు అంతా ఆ బొమ్మలే, వాటి మీద ఆ పిల్లల గొంతులే. ఏడుస్తున్న పిల్లవాడి ముఖం దగ్గరికి కెమెరాను తోసి ఉంటే అప్పటికప్పుడు అందరి కళ్లూ చెమ్మగిల్లేవి. ఆమె ఆ పని చేయలేదు. ఏది చూపించాలో పిల్లలే గీసి పెట్టారు.

ఆమె పనితీరు మొత్తానికి ఇరుసు ఒకటే. ఎక్కడికెళ్లినా మొదట కెమెరా తీసుకెళ్లదు. ఒంటరిగా, ఒక టేప్ రికార్డర్‌తో వెళ్తుంది. కూర్చుంటుంది. వింటుంది. ఒకే మనిషి మాట గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి వింటుంది. కెమెరా, లైట్లు, సిబ్బంది ఆ తర్వాతెప్పుడో వస్తారు. ఒక్కోసారి సినిమాలో మనం వినే గొంతు ఆ మొదటి రోజు రికార్డు చేసిందే. తనకు మాట ముందు, బొమ్మ తర్వాత అని ఆమె పదే పదే చెప్పింది.

చెప్పుకోవడానికి ఇది చిన్న మార్పులా ఉంటుంది. కెమెరా ముందు వస్తే ఏమవుతుందో మర్రిగూడ వాకిట్లో నేను చూశాను. కెమెరా తనకు కావలసింది ముందే తెలుసుకుని వస్తుంది. ఎదుటి మనిషి దాన్ని కనిపెట్టి అందిస్తాడు. మా జిల్లాలో మర్యాద తెలిసిన మనిషి వచ్చినవాళ్లను వట్టి చేతులతో పంపడు కదా. చెవి ముందు వెళ్తే, ఏ కథ చెప్పాలన్న నిర్ణయం చెప్పే మనిషి చేతిలో ఉంటుంది. మన దగ్గర భాష కూడా ఇందులో చిక్కుకుని ఉంది. తండాలో ముసలమ్మను తెలుగులో అడిగితే నాలుగు ముక్కలు చెప్తుంది, అదీ ఆఫీసు ముందు అర్జీ పెట్టుకున్నట్టు. అదే సంగతి లంబాడాల భాష గోర్ బోలిలో తన బిడ్డతో చెప్తుంటే మధ్యలో పాట వస్తుంది, తిట్టు వస్తుంది, తాత పేరు వస్తుంది, పొద్దుగూకినా ఆగదు. నేను ఎన్నోసార్లు ఆ గంట మాటను "కష్టాలు పడుతున్నాం సార్ అంటోంది" అని ఒక్క ముక్కలో అనువదించాను. అది నా తప్పు. దాన్ని చాలా ఆలస్యంగా గుర్తించాను.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. ఆ జాతి మనిషే తీస్తే సరిపోతుంది కదా, ఇంత పద్ధతి ఎందుకు అని. సరిపోదు. అబెనాకి మనిషైన అలానిస్ ఎక్కువగా సినిమాలు తీసింది మిక్మా, మొహాక్, క్రీ, మేటీ జనాల మధ్య. వాళ్ల భాషలు వేరు, నేలలు వేరు. మనకు చెంచులు, లంబాడాలు, కోయలు ఒకటి కానట్టే వాళ్లూ ఒకటి కారు. ఆమె ఆదివాసీ కావడం వల్ల తలుపు కొంచెం తొందరగా తెరుచుకుని ఉండొచ్చు. లోపల కూర్చోబెట్టింది మాత్రం ఆమె ఓపిక. మా ఊరి పిల్లవాడు ఫోన్ పట్టుకున్నంత మాత్రాన అది ఊరి కథ అయిపోదు. వ్యూస్ కోసం సొంత మేనత్త ఏడుపును రీల్ చేసిన పిల్లల్ని కూడా చూశాను.

రెండో అనుమానం మరింత గట్టిది. జనం పక్షాన నిలబడి తీస్తే అది ఏకపక్షం కాదా?

1981 జూన్‌లో క్విబెక్ పోలీసులు వందల సంఖ్యలో రెస్టిగూష్ అనే మిక్మా ఊరి మీద రెండుసార్లు, 11న ఒకసారి, 20న ఇంకోసారి, విరుచుకుపడ్డారు. తగాదా సాల్మన్ చేపల గురించి. తరతరాలుగా ఆ నదిలో చేపలు పట్టుకునే హక్కును ప్రభుత్వం కుదించింది. అలానిస్‌కు ఫిల్మ్ బోర్డు నుంచి అనుమతి వచ్చేసరికి కాలం గడిచిపోయింది. దాడి జరిగిపోయాక వెళ్లి, మనుషుల జ్ఞాపకాల నుంచి, ఫొటోల నుంచి సినిమా కట్టాల్సి వచ్చింది. 1984లో వచ్చిన ఆ సినిమాలో ఆమె ఊరివాళ్లతోనే ఆగలేదు. అప్పటి మత్స్యశాఖ మంత్రి లూసియన్ లెసార్డ్‌ను ఎదురుగా కూర్చోబెట్టి, మీ క్విబెక్ కోసం మీరు అడిగే స్వపరిపాలన హక్కునే వీళ్లకు ఎలా కాదంటారని కెమెరా ముందే వాదించింది. ఆమె కోపం తెర మీద దాచకుండా కనిపిస్తుంది. మంత్రి మాట కూడా పూర్తిగా వినిపిస్తుంది. నాకు ఇది ఏకపక్షంలా అనిపించలేదు. తాను ఎక్కడ నిలబడి చూస్తోందో చెప్పేసి, ఎదుటివాణ్ణి అక్కడి నుంచే అడగడం ఇది. ఎక్కడా నిలబడనట్టు కనిపించే వార్తా కథనాలు సాధారణంగా ఠాణా ముందు నిలబడి తీసినవే అయి ఉంటాయి.

ఆ ఆలస్యం ఆమెకు పాఠమైంది. 1990 జూలై 11న మాంట్రియాల్ దగ్గర ఓకా అనే పట్నంలో పోలీసులు మొహాక్ జనం పెట్టిన అడ్డుకట్ట మీద దాడి చేశారని తెలియగానే, చేతిలో ఉన్న పని వదిలి అక్కడికి వెళ్లిపోయింది. గొడవకు మూలం ఒక గోల్ఫ్ మైదానం. బంతి వేసే రంధ్రాలు తొమ్మిది ఉన్న మైదానాన్ని పద్దెనిమిది రంధ్రాలకు పెంచడానికి పట్నం పాలకులు పైన్ చెట్ల అడవిని, మొహాక్‌ల శ్మశానాన్ని ఆనుకున్న నేలను తీసుకోబోయారు. మొదటిరోజే ఒక పోలీసు చనిపోయాడు. తర్వాత సైన్యం దిగింది. 78 రోజులు నడిచింది ఆ ముట్టడి. రానురాను చాలామంది విలేకరులు బయటికి వెళ్లిపోయారు. ఆమె ముళ్లకంచె లోపలే ఉండిపోయింది.

ఆ వేసవిలో లోకమంతా చూసిన ఫొటో ఒకటుంది. ముఖానికి గుడ్డ కట్టుకున్న ఒక యోధుడు, ఒక కుర్ర సైనికుడు, ముక్కుకు ముక్కు ఆనేంత దగ్గరగా. గొప్ప ఫొటోనే. కానీ ఆ ఒక్క బొమ్మలో అడవి లేదు, శ్మశానం లేదు, వంట చేసిన ఆడవాళ్లు లేరు, సైన్యంతో మాటలు నడిపిన ఆడవాళ్లు అసలే లేరు. మర్రిగూడ కాళ్లకూ ఈ ఫొటోకూ నాకు దగ్గరి చుట్టరికం కనిపిస్తుంది. 1993లో వచ్చిన అలానిస్ సినిమా రెండు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. అది 1990తో మొదలైన గొడవ కాదని చెప్పడానికి ఆమె 1717 దాకా వెనక్కి వెళ్తుంది. ఫ్రెంచి పాలకులు ఆ నేలను ఒక క్రైస్తవ మఠానికి రాసిచ్చిన ఏడాది అది. టొరంటో చిత్రోత్సవంలో ఉత్తమ కెనడా చిత్రంగా దానికి బహుమతి వచ్చింది. అయినా ఆమె అక్కడితో ముగించలేదు. ఆ వేసవి మీదే ఇంకో మూడు సినిమాలు తీసింది. ఒకటి అరెస్టయిన ఒక మహిళ గురించి. ఒకటి ఆకాశమంత ఎత్తు ఇనుప కట్టడాల మీద పనిచేసే ఒక మొహాక్ కార్మికుడి గురించి. చివరిది 2000లో. ఊరు వదిలి కార్లలో వెళ్తున్న ముసలివాళ్ల మీద, పిల్లల మీద జనం రాళ్లు రువ్విన రోజు గురించి. ఒక సంఘటన కోసం పదేళ్లు. మనకు ధర్నా అయిన మూడో రోజుకే ఇంకో ధర్నా కావాలి.

నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది 1986 నాటి ఇరవైతొమ్మిది నిమిషాల చిన్న సినిమా. రిచర్డ్ కార్డినల్ అనే మేటీ కుర్రవాణ్ణి నాలుగేళ్లప్పుడు ఇంటి నుంచి తీసుకెళ్లారు. ఆ తర్వాత 28 చోట్లకు మార్చారు. 1984లో, పదిహేడేళ్లకు, ప్రాణం తీసుకున్నాడు. అతను డైరీ రాసుకున్నాడు. సినిమాకు వెన్నెముక ఆ డైరీయే. చనిపోయినవాడి తరఫున ఇంకెవరో జాలిగా మాట్లాడరు. అతని మాటే అతను చెప్తాడు.

అది చూస్తున్నంతసేపూ నాకు దేవరకొండ, చందంపేట తండాలు గుర్తొచ్చాయి. 1999లో, మళ్లీ 2001లో, మా వైపు లంబాడా ఆడశిశువుల దత్తత వ్యవహారం దేశమంతా మోగింది. దళారులు, దత్తత కేంద్రాలు, విదేశాలకు పిల్లలు. ఆ రోజుల్లో పత్రికల్లో, టీవీల్లో తల్లి ఫొటో పడింది. కింద ఒకటే మాట: 'అమ్ముకున్న తల్లి'. మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల, నీళ్లు లేని చెలక, కట్నం అప్పు, ఇంటికొచ్చి మాట్లాడి వెళ్లిన దళారి, ఇవన్నీ కథలో ఎక్కడో మూడో పేరాలో వచ్చేవి. ఆ తల్లులు తమ భాషలో ఏం చెప్పారో మనకు ఎక్కడా దొరకదు. ఎవరూ రికార్డరు పెట్టి కూర్చోలేదు. అప్పుడు పుట్టిన ఆ ఆడపిల్లలు ఇప్పుడు పాతికేళ్లు దాటిన మనుషులు. వాళ్లలో ఎవరైనా తమ తల్లి గురించి వెతికితే మొదట దొరికేది ఆ శీర్షికే.

ఇంకో ముడి ఉంది, డబ్బు ముడి. నేషనల్ ఫిల్మ్ బోర్డ్ 1939లో పెట్టిన ప్రభుత్వ సంస్థ. సర్కారు జీతం తీసుకుంటూ సర్కారును నిలదీసే సినిమాలు ఎలా తీసింది? ఇందులో ఆమె పట్టుదల ఒక పాలు, సంస్థ కట్టుబాటు ఒక పాలు. ఆమె చేరిన 1967లోనే ఆ బోర్డు 'చాలెంజ్ ఫర్ చేంజ్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఫోగో అనే దీవిలో జాలర్లతో ఒక ప్రయోగం చేశారు. వాళ్ల మాటలు తీయడం, అదే ఊళ్లో వాళ్లకే వేసి చూపించడం, అధికారులకు చూపించడం, అధికారుల జవాబు తీసి మళ్లీ జాలర్లకు చూపించడం. సినిమా అక్కడ ఉత్తరంలా పనిచేసింది. 1968లో ఆదివాసీ యువకులతోనే ఒక చిత్రబృందాన్ని తయారుచేశారు. ప్రభుత్వ డబ్బు ఎప్పుడూ మంచిదని నేను అనను; ఆమెకూ లోపల గొడవలు తప్పలేదు. కానీ సబ్‌స్క్రైబర్ల సంఖ్య మీద కాకుండా జీతం మీద బతికే సినిమా మనిషికి పదేళ్లు ఒకే ఊరితో ఉండే వీలు కలుగుతుంది. మన దగ్గర అలాంటి కుర్చీ ఒక్కటి కూడా లేదు. అసలు లోటు అదే.

మన నేల మీద ఈ సంగతి ఎలా నడిచిందో చూద్దాం. నల్లమల చెంచుల గురించి బయటి లోకానికి మొదట వివరంగా చెప్పింది ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమండార్ఫ్. నిజాం కాలంలో పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో ఉండి, తిరిగి, 1943లో పుస్తకం అచ్చువేశాడు. ఆయన చెంచులతో నిజంగానే కలిసి ఉన్నాడు, ఆ పుస్తకం విలువైనది. కానీ ఇంగ్లీషులో ఉన్న ఆ పుస్తకం ఏ పెంటలో ఎవరు చదివారు? తాతల ఫొటోలు చూడాలంటే మనవలు లండన్ వైపు చూడాలి. మనిషిని గురించి ఎంత రాసినా, రాసింది ఆ మనిషి ఇంటికి తిరిగి రాకపోతే ఏదో కొరత ఉండిపోతుంది.

2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణ అన్నప్పుడు మన్ననూరు, అమ్రాబాద్, పదర వైపు జనం రోడ్డెక్కారు. హైదరాబాద్ నుంచి కెమెరాలు కదిలాయి. సినిమావాళ్లు గొంతు కలిపారు. సెప్టెంబరులో శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ నెలలో తీసిన వీడియోలు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావరకు ఒకే తీరు: విల్లు పట్టుకున్న చెంచు పెద్దాయన, వెనక అడవి, "మా అడవి మాకే" అనే ఒక్క ముక్క. తేనె ఏ బండకు పడుతుందో, ఏ వాగు ఏ నెల దాకా పారుతుందో, పులి తోవ ఏదో చెప్పగల మనిషి దగ్గర ఒక్క నినాదం తీసుకుని వచ్చేశాం. తీర్మానం అయ్యాక కెమెరాలు దిగిపోయాయి. అంతకుముందు 2003లో నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు తండాల జనం ఏం మాట్లాడారో, వాళ్ల నోటి మాటగా పూర్తిగా వినగలిగే చోటు నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

నోటి మాట ఎందుకంత ముఖ్యమో అలానిస్ 2014లో తీసిన సినిమా చూస్తే తెలుస్తుంది. 1905లో కెనడా ఉత్తర ప్రాంతపు ఆదివాసులతో తొమ్మిదో ఒప్పందం కుదిరింది. కాగితం మీద భూమి వదులుకున్నట్టు రాసి ఉంది. పెద్దలు మాత్రం మేం వదులుకోలేదు, మా వేట మాకే అని నోటితో మాటిచ్చారు అని తరతరాలుగా చెప్తూ వచ్చారు. ఒప్పందానికి వచ్చిన కమిషనర్లలో ఒకరి డైరీ బయటపడ్డాక పెద్దల మాటకు బలం చేకూరింది. ఈ కథ కొల్లాపూర్ వైపు ఎవరికి చెప్పినా వెంటనే అర్థమవుతుంది. 1981లో శ్రీశైలం నీళ్లు ఊళ్లను ముంచినప్పుడు ఎవరు వచ్చి ఏం మాటిచ్చారో ముంపు పెద్దలకు పొల్లుపోకుండా గుర్తుంది. ఇంటికో ఉద్యోగం అన్న 98 జీవో కోసం పిల్లలు, మనవలు తిరుగుతూనే ఉన్నారు. కాగితం ఆఫీసులో ఉంది. మాట ఈ ముసలివాళ్ల దగ్గర ఉంది. ఏటా కొంతమంది వెళ్లిపోతున్నారు.

ఇదంతా కెనడా నుంచి తెచ్చుకోవాల్సిన విద్య అని నేను అనుకోవడం లేదు. పటం కథ మనదే. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు పటం విప్పి, బొమ్మ తర్వాత బొమ్మ చూపిస్తూ, వాళ్ల కుల పురాణాన్ని వాళ్లకే చెప్తారు. చూసేవాళ్లే కథలోని మనుషులు. చెప్పేవాడు తాత పేరు తప్పు పలికితే ముందు వరసలో కూర్చున్న ముసలాయన అక్కడే ఆపి సరిచేస్తాడు. పన్నెండు మెట్ల కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ కథను పాలమూరు జనం ఎన్నేళ్లుగానో వింటూ, అడిగి పాడించుకుంటూ బతికించారు. బొమ్మను ముందు ఎవరు చూడాలి, తప్పును ఎవరు దిద్దాలి అన్న రెండు ప్రశ్నలకు మన పల్లెలు ఎప్పుడో జవాబు చెప్పాయి. ఈ ఆశ్రిత కులాల బతుకులో అవమానం, ఆకలి కూడా కలిసే ఉన్నాయి, దాన్ని మరిచి పొగడటం న్యాయం కాదు. అయినా పద్ధతి పద్ధతే.

కెమెరాతో కూడా ఇది సాధ్యమేనని చూపించింది జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు. ఎక్కువమంది దళిత రైతు స్త్రీలు, చాలామందికి చదువు రాదు. వీడియో కెమెరా నేర్చుకున్నారు. వరంగల్ రైతుల బీటీ పత్తి గోడును పొలాలు తిరిగి తీశారు. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో మొదలుపెట్టారు. వాళ్లు కెమెరా కోణాలకు పెట్టుకున్న పేర్లు నాకు ఏ సినిమా పుస్తకం కంటే ఎక్కువ నేర్పాయి. పైనుంచి కిందికి చూసే షాట్‌ను 'పటేల్ షాట్' అన్నారు, దొర మనిషిని అలా చూస్తాడు కాబట్టి. కింది నుంచి పైకి చూసేది దొర ముందు నిలబడ్డ పనివాడి చూపు. ఇద్దరూ నేల మీద కూర్చున్నట్టు, కళ్లకు కళ్లు సమానంగా ఉండేది 'సంఘం షాట్'. మంచం మీద కూర్చున్న మర్రిగూడ మనిషిని ఆ రోజు మా కెమెరామన్ నిలబడే తీశాడు.

ఇప్పుడు ప్రతి తండాలో మంచి ఫోన్ ఉంది. బొంబాయి బస్సెక్కే పాలమూరు లేబర్ చేతిలోనూ ఉంది. అందుకే ఈ పద్ధతి గురించి మాట్లాడటం మునుపటి కంటే ఇప్పుడు అవసరం. ఒప్పుకోలు అంటే కాగితం మీద ఒక సంతకం అనుకుంటాం. ఆ రోజు సరే అన్న మనిషి ఎడిటింగ్ అయ్యాక చూసి, "ఈ ముక్క తీసెయ్ బిడ్డా, కోడలు బాధపడుద్ది" అంటే తీసెయ్యాలి. ఒప్పుకోలు అప్పటిదాకా నడుస్తూ ఉంటుంది. మొదటి ప్రదర్శన ఆ ఊళ్లోనే, గోడ మీద బెడ్‌షీట్ కట్టయినా సరే. కట్ చేయని అసలు రికార్డింగ్ ఒక కాపీ ఊళ్లో, బడిలోనో పంచాయతీలోనో ఉండాలి. కెనడా ఆదివాసులు 1998లోనే తమ గురించి సేకరించే సమాచారం మీద యాజమాన్యం, అదుపు, అందుబాటు, స్వాధీనం తమవేనని సూత్రంగా రాసుకున్నారు. పరిశోధన కోసం రాసుకున్నా, సినిమాకూ అది సరిగ్గా సరిపోతుంది. ఇక డబ్బు. ఒక పూట కూలి వదులుకుని మనకు మాట్లాడిన మనిషికి ఆ కూలి ఇవ్వడం లంచం కాదు. ఈ విషయంలో నా తోటి విలేకరులతో నేను చాలాసార్లు వాదించాను, ఇంకా వాదిస్తాను.

దీని వల్ల ఏదైనా మారుతుందా అని అడిగేవాళ్లకు ఒక్క సంగతి చెప్తాను. అటవాపిస్కాట్ అనే క్రీ ఊళ్లో బడి కింద డీజిల్ కారి నేలంతా పాడైతే పిల్లలు ఏళ్ల తరబడి తాత్కాలిక గదుల్లో చదివారు. షానెన్ కూస్టాచిన్ అనే అమ్మాయి కొత్త బడి కోసం పోరాడి, 2010లో పదిహేనేళ్లకే రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. ఆ పోరాటాన్ని అలానిస్ 2013లో సినిమాగా తీసింది. 2014లో బడి తెరిచారు. సినిమా వల్లే తెరిచారని నేను అనను. ఆ పిల్లలు తమ పోరాటాన్ని తమ గొంతుతో తెర మీద చూసుకున్నారు, బడిలోకీ నడిచారు. నాకు అది చాలు.

పోయినేడు నేను మళ్లీ మర్రిగూడ వెళ్లాను, ఫోన్‌లో రికార్డర్ ఒక్కటే పెట్టుకుని. ఆయన ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి చెయ్యి లుంగీ మీదికి పోయింది. కెమెరా లేదన్నా, ఊరికే మాట్లాడదామని వచ్చిన అన్నాను. గంటా నలభై నిమిషాలు మాట్లాడాడు. ఊరి పాత బావి గురించి, దానికి మెట్లు ఎటువైపు ఉండేవో, ఎవరెవరు ఏ గట్టు నుంచి చేదుకునేవారో. మొదటి బోరు బండి ఊళ్లోకి వచ్చిన రోజు పిల్లలంతా దాని వెంట ఎట్లా ఉరికారో, నీళ్లు పడగానే కొబ్బరికాయ ఎవరు కొట్టారో. ఆ నీళ్లలో పప్పు ఉడకడం లేదని వాళ్లమ్మ మొదటిరోజే అందట, ఎవరూ పట్టించుకోలేదట. కాళ్ల ప్రస్తావన రాలేదు. నేనూ అడగలేదు.

అయ్యాక వినిపించమన్నాడు. పక్కింటి ఇద్దరు కూడా వచ్చి కూర్చున్నారు. బోరు వేసిన ఏడు దగ్గర వాళ్లలో ఒకాయన చెయ్యెత్తి ఆపాడు. ఆ ఏడు కాదు, దాని ముందేడు, మా పెద్దమ్మాయి పెళ్లి ఆ ఎండాకాలమే అయింది అన్నాడు. ఈయన కాసేపు ఆలోచించి, "నిజమే" అన్నాడు. ఆ ముక్క మళ్లీ చెప్పించుకుని రికార్డు చేసుకున్నాను.